బేబీ ఆఫ్ జ్యోతిర్మయి

ముక్తేశ్వరం బుల్లిరాజు గారికి ఇంగ్లీషు వచ్చు. ఎంత వచ్చు అన్నది మాత్రం ఎప్పుడూ తేలలేదు, తేల్చగలిగినవాడు ఆ వీధిలో ఇంకొకడు లేడు కాబట్టి. ఎస్సెల్సీ పరీక్ష రోజున జ్వరం తగలకపోతే తానీపాటికి కలెక్టరయ్యేవాణ్ణని ఆయనే చెప్పుకునేవారు. ఊళ్ళోకి టెలిగ్రాం వస్తే జనం దాన్ని పట్టుకుని ఆయన అరుగు దగ్గరికే పరుగెత్తేవారు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కాగితం దూరంగా పట్టుకుని, పెదవులు కదిపి, చివరికి "పోయేరు" అనేవారు. టెలిగ్రాం చావుకి తప్ప రాని రోజుల్లో అలా చదవడానికి పెద్ద పాండిత్యం అక్కర్లేదు. ఒకసారి మాత్రం బంగారయ్య అల్లుడు తనకి ఉద్యోగం వచ్చిందని టెలిగ్రాం కొడితే, ఆ ఇంటి ఆడవాళ్ళు మధ్యాహ్నం దాకా గుండెలు బాదుకుని సాయంత్రం పరమాన్నం వండుకున్నారు. అయినా బుల్లిరాజు గారి పరువు చెక్కుచెదరలేదు. కొట్టినవాడికే ఇంగ్లీషు సరిగా రాదని ఆయన తేల్చేశారు.

ఆ ఇంటికి కోడలుగా వచ్చింది జ్యోతిర్మయి. ఐ.పోలవరం పిల్ల, అమలాపురంలో ఇంటర్ చదువుకుంది. మామగారి ఇంగ్లీషు సంగతి ఆమెకు కాపరానికొచ్చిన వారంలోనే తెలిసిపోయింది. కోడలు గదా, నోరు మూసుకుంది. నోరు మూసుకోవడం వేరు, లోపల నవ్వుకోవడం వేరు. ఆ రెండోదానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మొగుడు దొరబాబుని చూసి మాత్రం నవ్వుకోవడానికి మొదట్లో మనసొప్పేది కాదు. నోట్లో నాలుక లేనివాడు, బుద్ధిమంతుడు అని చెప్పి ఆమె పుట్టింటివాళ్ళు సంబంధం ఖాయం చేశారు. నాలుక లేనివాడికి వెన్నెముకైనా ఉందా అని ఒక్కరూ తడిమి చూడలేదు.

పెద్ద తుఫాను కొబ్బరితోటల్ని పడుకోబెట్టి వెళ్ళిన మరుసటి ఏడు, జ్యోతిర్మయికి ఎనిమిదో నెలలోనే నొప్పులొచ్చాయి. అమలాపురంలో ఒక నర్సింగ్ హోంలో ఆడపిల్ల పుట్టింది. పుట్టి ఏడవలేదు, సన్నగా మూలిగింది. దాన్ని అదే మేడ మీదున్న పసిపిల్లల గదికి తీసుకుపోయి గాజుపెట్టెలో పెట్టి, ముక్కులోకి ఒక గొట్టం, కాలికి ఒక తీగ తగిలించారు. లేచి నడవగలిగాక జ్యోతిర్మయి వెళ్ళి చూసింది. తడిసిన ఉడతపిల్లలా ఉంది. చర్మంలోంచి నరాలు కనిపిస్తున్నాయి. ఇది నాదేనా అనిపించింది. అలా అనిపించినందుకు తన మీద తనకే రోత పుట్టింది.

పెట్టెకి పక్కన గుండ్రటి కిటికీ ఉంటుంది. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంటే అందులోంచి ఒక వేలు పెట్టనిచ్చేవారు. మూడోసారో నాలుగోసారో వేలు పెట్టినప్పుడు ఆ ఉడతపిల్ల దాన్ని పట్టుకుంది. పట్టుకుని వదల్లేదు. సిస్టరు వచ్చి టైమైపోయిందని చెప్పినా వదల్లేదు. ఆ రోజు నుంచీ జ్యోతిర్మయికి లోకమంతా లోకువైపోయింది.

లోకం కూడా అందుకు తగ్గట్టే ప్రవర్తించింది. చూడటానికొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే పాట. ఏడో నెలదైతే నిలుస్తుందిట, ఎనిమిదో నెలది నిలవదుట. కడుపులో ఒక నెల ఎక్కువుంటే ఆయుష్షు తగ్గిపోతుందని ఏ మహానుభావుడు కనిపెట్టాడో గాని, కోనసీమలో ఆ లెక్క రానివాళ్ళు లేరు. వాళ్ళు ఆపిల్ పళ్ళు తెచ్చేవారు, పక్కన కూర్చునేవారు, జ్యోతిర్మయి ఏడుస్తుందేమోనని కాసేపు ఎదురు చూసేవారు. ఆమె ఏడ్చేది కాదు. దాంతో రావడం దండగైనట్టు మొహం పెట్టుకుని బస్సుకి వేళైందని లేచేవారు.

అత్తగారు సుందరమ్మ ఒక్కసారే వచ్చింది. అద్దంలోంచి చూసి, తల తిప్పుకుని, బయటికొచ్చి కోడలి చెవిలో చెప్పింది.

"దీని మీద ఆశ పెట్టుకోకమ్మా. రొమ్ములకి గుడ్డ బిగించి కట్టేసుకో. పాలు వాటంతటవే ఇంకిపోతాయి."

జ్యోతిర్మయి "ఆయ్" అంది. అని, లోపలికెళ్ళి స్టీలు గిన్నె తీసుకుని పాలు పిండింది. నొప్పికి పళ్ళు బిగబట్టి, ప్రతి చుక్కకీ అత్తగారి పేరు తలుచుకుంది. పాలు పిండటానికి అంత బలమైన మంత్రం ఇంకోటి లేదని ఆమెకు ఆ రోజే తెలిసింది.

తల్లులందరూ గది బయట హాల్లో చాపలేసుకుని ఉండేవారు. లోపలున్న పిల్లలకింకా పేర్లు లేవు. అందుకని కాలికి కట్టిన చీటీ మీద తల్లి పేరే రాసేవారు. రాజోలు అమ్మాయి శారోన్ అక్కడ సిస్టరు. ఆవిడకి మెల్లగా మాట్లాడటం చేతకాదు. తలుపు తీసి, బేబీ ఆఫ్ దుర్గ, బేబీ ఆఫ్ కాంతమ్మ అని కేకేసేది. ఆ కేక పాల కోసం. శారోన్ అరిస్తే భయం లేదు. పెద్ద డాక్టరు గారే అరవకుండా వచ్చి, పక్కన నిలబడి, గొంతు సవరించుకుంటేనే భయం. దుర్గ విషయంలో అలాగే వచ్చారు. మర్నాడు దుర్గ చాప ఉన్నచోట గచ్చు ఖాళీగా కనిపించింది. దాని మీదికి ఎవరూ జరగలేదు.

ఇంకో భయం కరెంటు. కరెంటు పోగానే హాల్లో తల్లులందరూ ఒక్కసారి లేచి నిలబడేవారు, ఎవరూ చెప్పకుండానే. తింటున్నవాళ్ళు ఎంగిలి చేత్తోనే లేచేవారు. కింద జనరేటరు గుర్రుమనేదాకా ఒక్కరూ ఊపిరి పీల్చేవారు కాదు. గుర్రుమన్నాక మళ్ళీ కూర్చునేవారు, ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా.

అన్నాళ్ళ తర్వాత, పిల్ల ముక్కులో గొట్టం తీసిన మర్నాడు, బుల్లిరాజు గారు మనవరాలిని చూడటానికి దయచేశారు. నిజానికి చూడటానికని రాలేదు. రాజోలులో పెళ్ళికి వెళుతూ, అమలాపురంలో బస్సు మారాలి కాబట్టి వచ్చారు. జరీ కండువా, చేతి గడియారం, అత్తరు. ఆ కండువాతో లోపలికి రావడానికి వీల్లేదని శారోన్ అంది. లోపలికెళ్ళాలన్న సరదా ఆయనకూ లేదు. కుర్చీ ఒకటి తెప్పించుకుని హాల్లో కూర్చున్నారు. జ్యోతిర్మయి తల్లి వీరాయమ్మ ఆ పొద్దున్నే పోలవరం వెళ్ళింది, పిల్లకి చుట్టడానికి పాత చీరలు తెస్తానని. అంచేత ఆయనకు మర్యాదలు చేసేవాళ్ళు లేకపోయారు.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. తల్లులందరూ లేచారు. జ్యోతిర్మయీ లేచింది. ఆయన మాత్రం కూర్చునే ఉన్నారు. జనరేటరు ఆ రోజు ఎందుకో మొరాయించింది. ఒకసారి దగ్గి ఆగింది, మళ్ళీ దగ్గింది, ఆఖరికి అందుకుంది. అంతలో తలుపు తెరుచుకుని శారోన్ తల బయటపెట్టింది.

"బేబీ ఆఫ్ జ్యోతిర్మయి. తొందరగా రామ్మా."

జ్యోతిర్మయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పరుగెత్తింది. ఆ గదిలోకి ఎవరు వెళ్ళినా మూతికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, అది అక్కడి రూలు. మామగారికి అది కోడలు దుఃఖం ఆపుకుంటున్నట్టు కనిపించింది.

ఇక ఆయన ఇంగ్లీషు పని చెయ్యడం మొదలుపెట్టింది. తోటలో మోటారు స్టార్టరు మీద ఆన్, ఆఫ్ అని రాసుంటుంది. అవి ఆయనకు కొట్టినపిండి. కరెంటు ఆఫ్. పెట్టె ఆఫ్. బేబీ ఆఫ్. సిస్టరు అంత స్పష్టంగా చెప్పాక అనుమానమేముంది? చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు.

లోపల కోడలు ఒక్కతే ఉంది. ఆయన లేచి తలుపు దగ్గరికి వెళ్ళలేదు. ఎవరినీ ఏమీ అడగలేదు. మెట్లు దిగి, ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి, ఇంటికి ఫోన్ చేశారు. పిల్ల ఆఫ్ అయిపోయిందని, అబ్బాయిని పంపించమని, తోటలో గొయ్యి తీయించమని సుందరమ్మకి చెప్పారు. తర్వాత అసలు సంగతికొచ్చారు. చావు మైల విన్నప్పటి నుంచీ పడుతుంది. మైలతో పెళ్ళి పందిట్లో కూర్చోకూడదు. అక్కడ చూస్తే ఆయనది పెద్దరికం.

"కాబట్టి నేను విననట్టే" అన్నారు.

సుందరమ్మ అలాగేనండి అంది. ఆయన బూత్‌వాడి దగ్గర చిల్లర తీసుకుని, రాజోలు బస్సెక్కి, అప్పడం వడియంతో సహా పెళ్ళిభోజనం చేశారు. ఇదంతా జ్యోతిర్మయికి తర్వాత తెలిసింది.

ఆ సమయానికి ఆమె లోపల వేరే లోకంలో ఉంది. శారోన్ పిల్లని పెట్టెలోంచి తీసి, మొదటిసారి, ఆమె ఒళ్ళో పెట్టింది. బరువే తెలియలేదు, వెచ్చదనం మాత్రం తెలిసింది. గొట్టం లేకుండా ఉగ్గుగిన్నెతో పాలు పట్టమంది. పెదవి మీద ఒక చుక్క వేస్తే పిల్ల నాలుక బయటికొచ్చి దాన్ని వెతుక్కుంది. మింగింది. మొహం చిట్లించింది, ఇదేం రుచి అన్నట్టు. మళ్ళీ నోరు తెరిచింది. జ్యోతిర్మయికి నవ్వొచ్చింది. అన్నాళ్ళుగా ఎవరి కోసమూ రాని ఏడుపూ అప్పుడే వచ్చింది. అది సంతోషమే. ఇంత సంతోషాన్ని ఎవరికైనా చెప్పుకోకపోతే గుండె పగిలిపోతుందేమో అనిపించింది. మామగారికైనా చెబుదామని బయటికొచ్చింది. కుర్చీ ఖాళీగా ఉంది. చెప్పకుండా పోయినందుకు ఆమెకు పెద్ద ఆశ్చర్యమేమీ కలగలేదు.

సాయంత్రం దొరబాబు వచ్చాడు. మెట్లెక్కి, హాలు గుమ్మంలో నిలబడి, చెప్పులెక్కడ విడవాలో తెలియనివాడిలా చూస్తున్నాడు. భుజాన సంచి. అతన్ని చూడగానే జ్యోతిర్మయికి ప్రాణం లేచొచ్చింది. ఎంతైనా పిల్ల తండ్రి. ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుంది.

"పాలు తాగిందండీ. గొట్టంతో కాదు, ఉగ్గుగిన్నెతో. కక్కలేదు కూడానూ."

దొరబాబు మొహం పాలిపోయింది. పెళ్ళానికి మతి చలించిందనుకున్నాడు పాపం. ఆమె తల మీద చెయ్యేసి, కూర్చో జ్యోతీ, కూర్చో అన్నాడు. ఆ చెయ్యి చేపల వాసన వేసింది. తర్వాత మెల్లగా, ఎక్కడుంచారని అడిగాడు. పెట్టెలోనే ఉందని ఆమె చెప్పింది.

"ఇంకా పెట్టెలోనే ఉంచేరా? ఇచ్చేయమను మరి. కింద ఆటో ఆపేను" అన్నాడు.

అప్పుడు చూసింది జ్యోతిర్మయి, సంచి మూతిలోంచి బయటికొచ్చిన గుడ్డని. ఆకుపచ్చ అంచు పంచె. మామగారికి ఎవరో పెళ్ళిలో పెట్టింది. నీళ్ళు తగలనిది, మడత విప్పనిది. అత్తగారి పెట్టెలో అడుగునుండే గుడ్డ. కొత్త తెల్లగుడ్డ పట్టుకుని ఆస్పత్రికి ఎందుకొస్తారో ఆ ఊళ్ళో ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు.

ఏం జరిగిందో అతను ముక్కలు ముక్కలుగా చెప్పాడు. నాన్న ఫోన్ చేశారుట. సిస్టరే పైకి చెప్పిందిట, బేబీ ఆఫ్ అని. విని ఆమెకు ముందు నవ్వొచ్చింది. కడుపులోంచి తన్నుకొచ్చింది, కుట్లు లాగేటంతగా. చాపల మీద తల్లులు తిరిగి చూశారు. నవ్వుతూ నవ్వుతూ ఉండగా ఏదో తట్టి నవ్వు ఆగిపోయింది.

మావయ్య గారెక్కడున్నారని అడిగింది. రాజోలు పెళ్ళికెళ్ళారన్నాడు. పిల్ల పోయిందని తెలిసీనా అంది. విననట్టేనని చెప్పారుట.

"మరి మీరెప్పుడు విన్నారు?"

దొరబాబు సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. పొద్దున్నే, అన్నాడు. బస్సు దొరకలేదా అంది. దొరికేదేగాని అమ్మ ఆపిందన్నాడు. విన్నామంటే ఇక పొయ్యి వెలిగించకూడదుట. అప్పటికే పులుసు పొయ్యి మీదుందిట. నువ్వూ విననట్టే, తినేసి వెళ్ళరా అందిట.

"తిన్నారా?"

"ఏదో, తిన్నాననిపించేను."

జ్యోతిర్మయి అతని మొహంలోకి సూటిగా చూసింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ అలా ఎప్పుడూ చూడలేదు.

"మారు వడ్డించుకున్నారా?"

దొరబాబు నేల చూశాడు. అమ్మే వేసింది అన్నాడు.

అంతే. ఇంకేమీ అడగాల్సిన పని లేకపోయింది. ఆ ఇంట్లో మనుషులు ఆమె కళ్ళ ముందు వరసగా నిలబడ్డారు. పిల్ల చచ్చిపోయిందనుకుని ఒకాయన పెళ్ళిభోజనానికి బస్సెక్కాడు. ఒకావిడ పులుసు చల్లారిపోతుందని కంగారుపడింది. ఒకడు మారు అన్నం కలుపుకున్నాడు. లోపల ఒంటరిగా ఉన్న తల్లి ఏమైపోయిందో అన్నవాళ్ళు ముగ్గురిలో ఒక్కరు లేరు. కోపం వస్తుందేమోనని ఆమె చూసింది, రాలేదు. కోపం రావాలన్నా అవతలివాళ్ళు అంతో ఇంతో మనుషులైనా కావాలి.

అప్పుడే తలుపు తెరుచుకుంది.

"బేబీ ఆఫ్ జ్యోతిర్మయి" అని అరిచింది శారోన్.

దొరబాబు ఉలిక్కిపడి గోడ పట్టుకున్నాడు. జ్యోతిర్మయి తాపీగా గిన్నె చేతిలోకి తీసుకుంది.

"విన్నారు గదా. ఇదైనా విన్నట్టే లెక్కేసుకోండి. ఆఫ్ అంటే ఆరిపోయిందని కాదండి. ఆఫ్ అంటే యొక్క. జ్యోతిర్మయి యొక్క బేబీ. ఆరో క్లాసులో చెబుతారు."

అతను తనూ లోపలికొస్తానన్నాడు. శారోన్ అతని చేతులు చూసి, సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోమంది. కడుక్కుని వచ్చినా, మళ్ళీ కడుక్కోమంది. ఆవిడకి పులుసు సంగతి తెలీదు, వాసన తెలిసిందంతే. ఆఖరికి లోపలికి రానిచ్చాక, ఆమె ఒళ్ళో పిల్లని చూసి దొరబాబు భోరుమన్నాడు. భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. జ్యోతిర్మయి పాలు పడుతూ ఆ ఏడుపు విన్నది. ఏడుపు నిజమే, ఆ సంగతి ఆమె కాదనలేదు. కాని మారు వడ్డన కూడా నిజమే. అతను వెళ్ళేటప్పుడు సంచి తీసుకోబోతే, పంచె మాత్రం ఇచ్చి వెళ్ళమంది. ఎందుకని అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

మర్నాడు వీరాయమ్మ పాత చీరల మూటతో వచ్చేసరికి కూతురు ఆ పంచెని వేణ్ణీళ్ళలో ఉడకబెడుతోంది. సంగతి విని ఆవిడ నోరు నొక్కుకుంది. పసిగుడ్డుకి కొత్తగుడ్డే కట్టకూడదు, అందులోనూ ఎందుకు తెచ్చిన గుడ్డని!

"చావు కోసం తెచ్చిన గుడ్డ కట్టుకుని బతికేదానికి ఇంకే దిష్టి తగుల్తుందే అమ్మా" అంది జ్యోతిర్మయి.

పిల్ల బతికింది. ఎనిమిదో నెల శాస్త్రం చదువుకోలేదు కాబట్టి హాయిగా బతికింది. పాలు తాగింది, బరువెక్కింది, గొంతు తెచ్చుకుంది. ఒక వానాకాలం పొద్దున డాక్టరు గారు ఇక తీసుకెళ్ళమన్నారు. వీరాయమ్మ కారు మాట్లాడింది, పోలవరానికి. జ్యోతిర్మయి ముందు ముక్తేశ్వరం పోనిమ్మంది. వాళ్ళ గుమ్మం తొక్కుతావా అని తల్లి అడిగింది.

"విననట్టు ఉన్నారు, బాగానే ఉంది. చూడనట్టు కూడా ఉంటే ఎలా? చూపించేసి వద్దాం."

కారు ఆగేసరికి సుందరమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెంతో అరుగు మీద సిద్ధంగా ఉంది. కబురు ముందే అందినట్టుంది. పక్కన బుల్లిరాజు గారు, వెనకాల దొరబాబు. ఇంటి పక్క తోటలో, తీసిన గొయ్యి ఖాళీగా వదలకూడదని నాటించిన అరటిపిలక ఒకటి రెండాకులేసి ఊగుతోంది. జ్యోతిర్మయి పిల్లనెత్తుకుని దిగింది. సుందరమ్మ నవ్వుతూ పళ్ళెం ఎత్తి, మనవరాలి వైపు చూసి, ఆ ఆకుపచ్చ అంచు చూసింది. పళ్ళెం సగం తిరిగి ఆగిపోయింది. ఎర్రనీళ్ళు ఆవిడ పాదాల మీదే ఒలికాయి.

"ఆ గుడ్డ..." అంది.

"మీరు పంపించిందేనండి అత్తయ్య గారూ. మెత్తగా ఉంది. దానికి బాగా నచ్చింది."

బుల్లిరాజు గారు గొంతు సవరించుకుని, ఇంగ్లీషు ఉచ్చారణలోని ఇబ్బందుల గురించి ఏదో మొదలుపెట్టారు. సిస్టర్లకి సరిగా పలకడం రాకపోబట్టే ఇలాంటివి జరుగుతాయన్నారు. జ్యోతిర్మయి ఆయన చెప్పడం పూర్తయ్యేదాకా మర్యాదగా ఆగింది.

"మావయ్య గారూ, ఇది బేబీ ఆఫ్ జ్యోతిర్మయి. ఆఫ్ అంటే యొక్క అండి. జ్యోతిర్మయి యొక్క. ఇంకెవరి యొక్కా కాదు."

దొరబాబు ముందుకొచ్చి చేతులు చాచాడు. ఒక్కసారి ఇవ్వమన్నాడు. పిల్ల అతని గొంతు వైపు మొహం తిప్పింది కూడా. జ్యోతిర్మయి ఒక అడుగు వెనక్కి వేసింది.

"చేతులు కడుక్కు రండి. సబ్బుతో, మోచేతుల దాకా. ముగ్గురూ."

ఆశ్చర్యం, ముగ్గురూ వెళ్ళారు. చేతులు దులుపుకున్నంత తేలిక కాదు కడుక్కోవడం. బోరింగు దగ్గర దొరబాబు కొడుతుంటే తల్లి కడుక్కుంది, తండ్రి జరీ కండువా పంటితో పట్టుకుని కడుక్కున్నారు, తర్వాత సుందరమ్మ కొడుతుంటే దొరబాబు కడుక్కున్నాడు, ఒకసారి కాదు, రెండుసార్లు. నీళ్ళోడుతున్న చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలీక, గాల్లోకి ఎత్తిపట్టుకుని తిరిగొచ్చారు.

అప్పటికి జ్యోతిర్మయి కారెక్కి కూర్చుంది. పిల్ల ఒళ్ళో నిద్రపోతోంది. అద్దం దించి ఆ ఆరు చేతుల్నీ చూసింది.

"తడిగా ఉన్నాయి. ఆరనివ్వండి. ఆరేక పోలవరం రండి" అని దొరబాబుతో చెప్పి, డ్రైవర్ని పోనిమ్మంది.